దంతవైద్యుని నిరోధక దిగ్విజయం

మిద్దెల మీది నీళ్ల ట్యాంకులు కుతకుత మరిగి, కుళాయి తిప్పినవాని చేయి బొబ్బలెక్కు మహోగ్ర గ్రీష్మమున. హారన్ల ఘీంకారములకు దిక్కులు పిక్కటిల్లు నొకానొక వీధిలో. తీగల మీద తీగలు పెనవేసుకొని ఆకాశమునకు అల్లిక పని చేసినట్లుండు కరెంటు స్తంభమున కెదురుగా. కింద వైద్యశాలయు పైన కాపురమును గల రెండంతస్తుల సౌధమునందు, ఉత్పాటిత దంత సహస్రుడు, సూదిమందు ప్రయోగ ధురంధరుడు, చిగుళ్ల పాలిటి సింహస్వప్నము నగు దంతవైద్యు డొకడు కలడు. అతని పరాక్రమమును పాడుదును, ఆలకింపుడు. ఇది రాజ్యములు కూలిన కథ కాదు. చిటికెనవేలి గోరంత రెసిస్టరు కొరకు ఒక మగధీరుడు పుడమి గాలించిన కథ.

అతనిది పన్ను వృత్తి. అతని ధర్మపత్నిదియు పన్ను వృత్తియే. ఆమె పన్నుల శాఖలో అధికారిణి. ఇతడు నోళ్లలోనిది పీకును, ఆమె జేబులలోనిది పీకును. ఇరువురి గదులనుండి వెలువడు జనుల ముఖవర్చస్సు ఒక్కటే. ఆ యింటి ముందుగదిలో, కిటికీ పక్కనున్న వాలుకుర్చీయే సింహాసనముగా, ఆమె తండ్రి, అనగా మన వీరునికి మామగారు, రైలు గార్డుగా పనిచేసి విశ్రమించిన వృద్ధ మూర్తి, కొలువుదీరి యుండెను. ఆయన కుడిచేతి కందునంత దూరమున ఆయన రేడియో. టేకుచెక్క దేహము, దంతపు రంగు మీటలు, లోపల దీపములవలె వెలుగు గాజు వాల్వులు. మీట నొక్కిన వెంటనే పలుకుట దాని మర్యాదకు భంగము. కొంత తడవు వేడెక్కి, గొంతు సవరించుకొని, ఆ పిమ్మట వార్తలు చదువును.

ఆ రేడియో బాగుగనే పాడుచుండెను. ఈ సంగతి శ్రోతలు మరువరాదు. పాడుచున్న దానినే మన వీరుడు విప్పెను.

వార్తల వెనుక సన్నని గుర్రు ఒకటి అతని చెవి కెక్కెను. పుచ్చిన పంటిని చూచి ఊరకుండలేని వాడు, గుర్రును విని ఊరకుండునా? ఫోనులో నాలుగు వీడియోలు చూచి, శస్త్రకోవిదుని ఆత్మవిశ్వాసమును రెట్టింపు చేసుకొని, మామగారు మధ్యాహ్నపు కునుకులో నుండగా రేడియో వెనుక చెక్కను ఊడదీసి, తీగల దుర్గములోనికి స్క్రూడ్రైవరు నను ఖడ్గమును దూర్పగా, ఆ ఖడ్గము జారెను. చిటుక్కుమనెను. గుప్పున పొగ లేచెను. గోధుమవర్ణ దేహమున రంగురంగుల వలయములు ధరించి, దశాబ్దములుగా విద్యుత్ప్రవాహమునకు అడ్డునిలిచి, ఎవరి మెప్పునూ కోరక కాపుకాచిన యొక రెసిస్టరు, ఆ క్షణమున నల్లని బొగ్గుముక్కయై వీరస్వర్గ మలంకరించెను.

మామగారు కళ్లు తెరచెను.

“ఏం చేశావు అల్లుడూ?”

“ఏం లేదు మామయ్యా, చిన్న పార్టు పోయింది. రెండ్రోజుల్లో కొత్తదానిలా పాడిస్తా.”

“పాతదానిలా పాడేదయ్యా. నాకదే కావాల్సింది.”

అదియే ఆఖరి పలుకు. ఆ దినము మొదలు ఆ వృద్ధుడు అల్లునితో నేరుగా మాటాడుట మానెను. ఏమైన చెప్పవలసివచ్చిన, “అమ్మాయ్, ఫ్యానుకు అడ్డంగా నిలబడొద్దని మీ ఆయనకు చెప్పు” అనును. అల్లుడు అక్కడనే నిలబడి యుండును. కూతురు వంటింటిలోనుండి వచ్చి, ఆ మాటను మోసికొనిపోయి రెండడుగుల దూరమున దించిపోవును.

ఇట్లుండగా, శత్రురాజు వేచియున్న అదను దొరకినది. శత్రురా జనగా వేరెవ్వరు, తోడల్లుడు. ఏసీ యంత్రములు విక్రయించు వాడు. వాని మాటయు చల్లగనే యుండును, బిల్లు మాత్రమే వేడి. రెండవ కూతురి మగడైన ఆతడు, బత్తాయి పండంత స్పీకరు నొకదానిని అరచేత నుంచుకొని విచ్చేసి, మామగారి ముంగిట మోకరించెను.

“ఇదిగో మామయ్యా, దీనితో మాట్లాడితే చాలు, ఏ స్టేషనైనా పెడుతుంది. అన్నయ్యను అనడానికేముంది, పాపం ఆయనకు పళ్లంటే తెలుసు. మీరు మా ఇంటికి వచ్చేయండి. ప్రతి గదిలోనూ చల్లదనమే.”

మామగారు ఆ బత్తాయిని ఎగాదిగా చూచి, “దీనితో నేను మాట్లాడాలా? అది నాతో మాట్లాడాలిగానీ” అనెను. అయినను చల్లదనమను మాట ఆయన చెవిలో నిలిచెను. ఆ సాయంత్రమే పెట్టె సర్దమని కూతురితో చెప్పెను. ఆదివారము వార్తల వేళకు కారు తెచ్చుటకు తోడల్లుడు ముహూర్తము నిర్ణయించెను.

అధికారిణి భర్తను వంటింటిలోనికి పిలిచెను.

“మా నాన్న అలిగి ఈ ఇంటి నుంచి వెళ్లిపోతే, చెల్లి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఆదివారం లోపల అది పాడాలి.”

“పాడకపోతే?”

“ఆయన వెళ్లిపోతారు. మీరూ మకాం మార్చుకోండి.”

“ఎక్కడికి?”

“కింద క్లినిక్‌లో కుర్చీ ఉందిగా. చక్కగా వాలుతుంది కూడా.”

అంతట ఆ వీరుడు బొగ్గైన రెసిస్టరును దూదిలో చుట్టి, పాత రేడియోల పరిరక్షణ సంఘమునకు దండయాత్ర వెడలెను. ఆ సంఘమున సభ్యులు కొలదిమంది, అభిప్రాయములు కోకొల్లలు. వారికి అధ్యక్షుడు, పూర్వాశ్రమమున ఆడిటరు, లోకము వాల్వుల పెద్దాయన యని పిలుచు మహనీయుడు. బొగ్గుముక్కను భూతద్దముతో పరికించి, ఆ నమూనా రేడియో తన యింటనూ కలదు గనుక, విలువ నిట్టే చెప్పెను.

“నలభై ఏడు వేల ఓములు. ఒక వాటు. పసుపు, ఊదా, నారింజ వలయాలు. అందులో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా జాతిలో ఉంది.”

“జాతి ఏమిటి సార్?”

“ఇది కార్బన్ ముద్ద రెసిస్టర్ డాక్టరుగారూ. ఆ కాలంది. దీని స్థానంలో ఆ కాలందే పడాలి. ఇప్పుడొచ్చే మెటల్ ఫిల్మ్ రకం వేశారో, అది రేడియో కాదు, శవానికి అలంకారం. ఆ స్వరంలో వెచ్చదనం పోతుంది. తెలిసిన చెవి పట్టేస్తుంది.”

సభ్యులందరు తలలూపిరి. ఆ తలలలో తెలిసిన చెవులు కలవని అందరి ముఖములును ప్రకటించుచుండెను. మన వీరుడును తలయూపెను. తల యూపుటతోనే తనకును అట్టి చెవి మొలచినట్లు తోచి, అతని గుండె ఉప్పొంగెను.

అధ్యక్షుడు అద్దాల బీరువాను తెరచెను. లోన వరుసగా గాజుసీసాలు. ఆ సీసాలలో రంగుల వలయములు ధరించిన రెసిస్టర్లు, కరవు కాలమున ధాన్యపురాశులవలె. అందొక సీసా మీద ‘నలభై ఏడు వేలు’ అని చక్కని దస్తూరి.

“ఒక్కటి ఇప్పిస్తారా సార్?”

అధ్యక్షుడు బీరువా తలుపును మృదువుగా మూసెను. “ఇవి వాడేందుకు కాదండీ. ఉంచేందుకు.”

‘ఓయి లోభాగ్రేసరా, నిధిమీద చుట్టచుట్టుకొన్న సర్పరాజమా, నీ బీరువా వేయి వ్రక్కలగు గాక, నీ సీసాల మూతలన్నియు ఏకకాలమున ఊడి, వేలలో లక్షలును లక్షలలో వందలును కలగలసి, వానిని వేరుచేయుటలోనే నీ శేషజీవితము గడచుగాక’ అని వీరుని హృదయము గర్జించెను. నోరు మాత్రము, “పర్లేదు సార్, మళ్లీ కలుస్తా” అనెను.

పిమ్మట అతడు విద్యుత్పరికరముల వీధిపై విరుచుకుపడెను. దుకాణములు కిటకిటలాడు ఆ వీధిలో ‘ఎలక్ట్రానిక్స్’ అని బోర్డు కట్టి ఫోను తొడుగులు అమ్మువారే ఎక్కువ. అందరిని దాటుకొని పోగా, చివరి మలుపున, డబ్బాలు పైకప్పు దాక పేర్చిన ఇరుకు కొట్టులో నిజమైన వర్తకు డొకడు చిక్కెను.

“కార్బన్ ముద్దవా? మా నాన్న ఉన్నప్పుడు ఉండేవి సార్. ఇప్పుడు మాకు రావు. మెటల్ ఫిల్మ్ తీసుకోండి. వేడికి తట్టుకుంటుంది, విలువ మారదు.”

“నాకు ఆ కాలందే కావాలి.”

“ఎందుకు సార్?”

ఈ ‘ఎందుకు’ అను అస్త్రమునకు వీరుని అమ్ములపొదిలో ప్రత్యస్త్రము లేకపోయెను. రోగి అడిగిన ‘ఎందుకు’నకు ఎక్స్‌రే చూపవచ్చును, దీనికి చూపుటకు ఏమియు లేదు. “మీకు చెప్పినా అర్థం కాదులెండి” అని, అర్థము కానిది తనకేయని తెలియకుండుటకై వడివడిగా వెనుదిరిగెను.

పాత సామానుల కొట్టులో మూడవ సంగ్రామము. తుప్పు పట్టిన సైకిళ్లు, ఊపిరి విడిచిన కుట్టుమిషన్ల మధ్య రేడియో యొకటి కనబడగా వీరుడు దానిమీద చేయి వేసెను. అదే క్షణమున మరియొక చేయి పడెను. అది కొత్తగా కాఫీ హోటలు తెరువబోవు నొక మహిళది.

“నేను ముందు చూశానండీ. మా గోడకు పెడతాను. లోపలి చెత్తంతా తీసేసి బల్బు వేస్తాను, భలే ఉంటుంది.”

చెత్త యను పదమునకు వీరుని రోమములు నిక్కబొడుచుకొనెను. కాని మరుక్షణమే రాజనీతి అతని బుద్ధిలో మెరసెను. “అయితే పెట్టె మీకు, పేగులు నాకు” అని సంధి ప్రతిపాదించెను. ఆమె నవ్వి ఒప్పుకొనెను. చరిత్రలో ఇంత సులభముగ కుదిరిన విభజన మరియొకటి లేదు. ఆమెకు అందము దక్కెను, అతనికి దుమ్ము దక్కెను.

ఆ సాయంకాలము భోజనపు బల్లమీద పాత దినపత్రిక పరచి, ఆ పేగులనుండి రెసిస్టర్ల నొక్కటొక్కటిగా, వేళ్లు తెగకుండ, పంటిని పెకలించు నేర్పుతో పెకలించి, వలయములు చదివి, నలభై ఏడు వేలవాటిని ఏరి, నిరోధమును కొలుచు మీటరు పెట్టెను. మొదటిది డెబ్బది వేలు చూపెను. రెండవది తొంబది. మూడవది ఏమియు చూపక మౌనము దాల్చెను.

“ఏమైంది?” అని అడిగెను భార్య, పళ్లెములు పెట్టుటకు చోటు వెదకుచు.

“వయసైపోయింది. తేమ పీల్చి పీల్చి నిరోధం పెరిగిపోయింది. రాసింది ఒకటి, ఉన్నది ఒకటి.”

ఆమె ముందుగది వైపు ఒకమారు చూచెను. “అంతేలెండి. వయసు మీదపడేకొద్దీ నిరోధం పెరుగుతుంది.”

“అమ్మాయ్,” అని వాలుకుర్చీ పలికెను, “నా చెవులు ఇంకా పనిచేస్తున్నాయని మీ ఆయనకు చెప్పు.”

దినములు దొర్లెను. వీరుని మనస్సు కుంగెను. ఒక రోగికి చిగురునకు బదులు పెదవికి సూది గుచ్చబోయి తమాయించుకొనెను. పెట్టె సర్దుకొనుచున్న మామగారు చొక్కాలు మడతపెట్టు సవ్వడి పైనుండి అతని చెవులలో రణభేరియై మ్రోగుచుండ, వైద్యశాల ద్వారము తెరచుకొని, బుగ్గ బూరెయై, కంట నీటిపొరతో, వాల్వుల పెద్దాయన స్వయముగ ప్రవేశించెను.

“దవడపన్ను డాక్టరుగారూ. తినలేను, పడుకోలేను. పీకేయండి.”

వీరుడు ఆయనను ఆసనమున వాల్చి, దీపము వెలిగించి, పంటిని పరికించి, సూదిమందు గుచ్చి, మొద్దుబారుటకై వేచియుండు ఆ విరామమున, చేతులు కట్టుకొని నిలిచి, ఇట్లు పలికెను.

“పీకేయాలంటారా? ఆలోచించుకోండి. ఒరిజినల్ కదండీ. ఆ కాలంది.”

“పీకేయండి బాబూ, దీంతో ఏం చేసుకోను.”

“వాడేందుకు కాకపోయినా, ఉంచేందుకు ఉంటుందేమో. దాని చోట నేను పెట్టేది ఇప్పటి పింగాణీది. నవ్వులో వెచ్చదనం పోతుందేమోనని.”

అధ్యక్షుడు కన్నులు మూసికొనెను. ఆడిటరు గనుక, ఎదుటివాడు చూపుచున్న లెక్క ఆయనకు వెంటనే తెలిసెను. మందు పట్టిన పెదవి ఒక ప్రక్కకు వ్రేలాడుచుండగా, “ఒకటి ఇఫ్తాను,” అనెను. “ఒక్కటే.”

“ఏ రంగులు?”

“పఫుపు. ఊదా. నారింద.”

పన్ను నొప్పి తెలియకుండ ఊడివచ్చెను. వైద్యధర్మమునకు భంగము కలుగలేదని పాడుటకు ఈ కవికి కొంత కష్టముగ నున్నది. అందుచేత పాడక ముందుకు సాగుదును.

మరునాడు ముఖమలు గుడ్డలో, చిన్న డబ్బీలో, ఆ దివ్యరత్నము విచ్చేసెను. దేహమున గీత పడలేదు. వలయములు నిన్న పూసినట్లున్నవి. వీరుడు దానిని కనుల కద్దుకొని, లాంఛనమునకై, కేవలము లాంఛనమునకై, మీటరు పెట్టెను.

లక్షా పదివేలు.

మీటరు మార్చెను. లక్షా పదివేలే. అప్పుడతనికి ఆ అద్దాల బీరువా యావత్తు కనుల ముందు నిలిచెను. సీసాల వరుసలు, చక్కని దస్తూరి, మృదువుగ మూయబడు తలుపు. ఆ సీసాలలో నున్నవన్నియు ఎన్నడో గతించినవి. ఆ సంఘమున ఎవ్వరును ఎన్నడును వానికి మీటరు పెట్టలేదు. పెట్టుట అవిశ్వాసమగును. అంతకంటెను కలతపెట్టిన సంగతి యేమనగా, తెలిసిన చెవులవారందరితో పాటు తానును తలయూపి వచ్చెను.

అతడు ఆ రత్నమును మరల డబ్బీలో పెట్టెను. పిమ్మట చెప్పులు తొడిగికొని, చివరి మలుపు దుకాణమునకు పోయెను.

“మెటల్ ఫిల్మ్ ఒకటి ఇవ్వు.”

“ఒకటి విడిగా ఇవ్వం సార్, ప్యాకెట్టే.” వర్తకుడు ఎందుకని అడుగలేదు. ఆ దయకు బదులుగ వీరుడు ప్యాకెట్టంతయు పుచ్చుకొనెను.

నూతన నిరోధకము నీలవర్ణము, సన్నని నడుము, చూడగానే ఈ కాలపుదని తెలియును. మీటరు మీద నలభై ఏడు వేలు, ఒక్క ఓము అటు నిటు కదలక నిలిచెను. దానిని తిన్నగ రేడియోలో అతికించియుండినచో, కథ ఇక్కడనే ముగియును. కాని అధ్యక్షుడు ఆదివారము తన దానమును కనులార చూడ వచ్చెదనని కబురంపి యుండెను. గర్వమనునది చచ్చినను దాని తోక కొంతసేపు కొట్టుకొనుచుండును గదా. శనివారము రోగులు వెడలిన పిమ్మట, వీరుడు ముఖమున మాస్కు కట్టి, అధ్యక్షుని రత్నమును పట్టుకారున బిగించి, పంటి వేరు శుద్ధిచేయు సన్నని డ్రిల్లుతో, దాని గర్భమునందలి కార్బనును కొంచెము కొంచెముగ తొలిచి, వెదురు వలె డొల్లచేసి, ఆ డొల్లలోనికి నీలవర్ణుని జొనిపి, రెండు కొసలను పంటి సిమెంటుతో పూడ్చెను. వృత్తి జీవితమున అంత సొగసైన రూట్ కెనాల్ అతడు మనుష్యునికి చేసి యెరుగడు.

భార్య గుమ్మమున నిలిచి చూచుచుండెను.

“లోపల కనపడని దానికి ఎందుకింత ముస్తాబు? నాన్న వెనక చెక్క విప్పి చూడరుగా.”

“మీ నాన్నగారు చూడరు. సంఘం చూస్తుంది.”

“ఓహో.” ఆమె ఒక క్షణము యోచించెను. “పన్ను ఎగ్గొట్టేవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా దాచరండీ.”

ఆదివారము తెల్లవారెను. ముందుగదిలో సర్వసేనలు మోహరించెను. తలుపు చెంత మామగారి పెట్టె. దాని చెంత కారు తాళములు వ్రేల త్రిప్పుచు తోడల్లుడు. బల్లచెంత భూతద్దము ధరించి అధ్యక్షుడు. వారి నడుమ, చెమటతో తడిసిన చొక్కాతో, మన వీరుడు. అధ్యక్షుడు వెనుక చెక్క సందులోనుండి తొంగిచూచి, తన కుమారుని గుర్తించిన తండ్రివలె తలపంకించెను. వీరుడు మీట నొక్కెను.

ఏమియు పలుకలేదు.

“పోనీలే అన్నయ్యా,” అనెను తోడల్లుడు, “ప్రయత్నించారు, అది చాలు.” వంగి పెట్టె పిడిని పట్టుకొనెను.

అప్పుడు వాల్వుల అంతరంగమున ఎర్రని వెలుగు తొంగిచూచెను. పెట్టె లోపల ఏదియో గొంతు సవరించుకొనెను. దూరమునుండి, బావిలోనుండి పైకి వచ్చునట్లు, ఒక కంఠము మెల్లగ ఎదిగి గదిని నింపెను. వార్తలు. ఏదో ఒక ఊర పైపులైను పగిలినదట, నీరు రెండు దినములు రాదట. అంత మధురమైన వార్త ఆ దంతవైద్యుడు మున్నెన్నడు వినలేదు. భార్య చేతిలోని గరిటె గాలిలోనే ఆగెను.

అధ్యక్షుడు కన్నులు మూసి, తల వెనుకకు వాల్చి, చేయి పైకెత్తెను.

“విన్నారా? విన్నారా ఆ వెచ్చదనం? ఇదీ కార్బన్ అంటే. ఇప్పటి మెటల్ ఫిల్మ్ వేసి చూడండి, ఈ గొంతు వస్తుందేమో. రాదు. చస్తే రాదు. తెలిసిన చెవికి ఒక్క ముక్క చాలు.”

వీరుని పెదవుల చివరి దాక సత్యము వచ్చెను. ఒక్క మాటతో ఆ అద్దాల బీరువాను భస్మీపటలము చేయగలడు. కాని ఆ మాట పలికిన యెడల, తలయూపిన తన తలయు ఆ బూడిదలోనే కలియును. అతడు భార్య వైపు చూచెను. ఆమె గరిటె వైపు చూచెను. సత్యము వచ్చిన దారినే వెనుదిరిగి గొంతులోనికి దిగిపోయెను. అధ్యక్షుడు మాత్రము ఆగలేదు. ఆ కాలపు కార్బను, ఆ కాలపు పనితనము, ఆ కాలపు చెవులు, ఈ కాలపు పతనము అని గుక్క తిప్పుకొనక సాగుచుండగా, వాలుకుర్చీ కిర్రుమనెను.

“అల్లుడూ.”

కూతురు అలవాటుగ ఒక అడుగు ముందుకు వేసి, ఆగెను. ఆ పిలుపు మోయవలసినది కాదు. తిన్నగ చేరినది.

“చెప్పండి మామయ్యా.”

“ఆ పెద్దమనిషిని కాస్త నోరు మూసుకోమను. నీళ్లు ఏ ఊళ్లో రావో వినపడట్లేదు.”

జీవితమెల్ల పరులను నోరు తెరవుడు, ఇంక తెరవుడు, ఇంకొంచెము తెరవుడు అని వేడికొన్న ఆ దంతవైద్యుడు, జన్మమున తొలిసారిగా ఒక మనుష్యునివైపు తిరిగి, “సార్, కొంచెం నోరు మూయండి” అనెను. అధ్యక్షుడు మూసెను.

తోడల్లుడు పెట్టె పిడిని వదలి, కారు తాళములు జేబులో వేసికొని, ఏసీ లేని ఆ గదిలో తానే ఒక మూల చల్లబడెను. వార్తలు ముగిసెను. మామగారు ఉండెదననియు అనలేదు, పోయెదననియు అనలేదు. పెట్టెను తన కడకు జరిపించుకొని, మూత తెరచి, అంతయు తడిమి, ఒక్క తువ్వాలును పైకి తీసి కూతురి చేతి కిచ్చి, మూతను మరల వేసెను.

పుడమి జనులారా, చాటుచున్నాను, వినుడు. ఆ యింట యుద్ధము ముగిసినది. వృద్ధుడు మన్నింపలేదు, మెచ్చలేదు, పెట్టెను ఖాళీ చేయనూ లేదు. తువ్వాలు మాత్రము దండెము మీదికి వచ్చినది.